ఫారం ఎఫ్ ఎక్కడి నుంచి వచ్చింది

కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదన్న చట్టం కింద స్కానింగ్ సెంటర్లలో తనిఖీలు జరిగినప్పుడల్లా అమలాపురం నుంచి భీమవరం దాకా ఒకటే గొడవ. "గర్భిణి స్కానింగ్ వివరాలు రాసే ఫారం ఎఫ్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే మిషన్ సీల్ చేస్తారా?" అని డాక్టర్లు అడుగుతారు. 2024లో భారత వైద్య సంఘం అధ్యక్షుడు ఆర్.వి. అశోకన్ ఇంకాస్త ముందుకెళ్లారు. పుట్టేది ఆడో మగో చెప్పనివ్వాలని, ఆడపిల్ల అని తేలితే ఆ గర్భిణిని ప్రసవం దాకా కనిపెట్టుకుని ఉండొచ్చని అన్నారు.

ఈ గొడవకు మూలం 1994లో చేసిన ఆ చట్టం కాదు, 2003లో అమల్లోకి వచ్చిన దాని సవరణ. అంతకుముందు చట్టం ఉన్నా కేసులు నిలిచేవి కావు. అడిగేది ఇంటివాళ్లు, చెప్పేది డాక్టరు, ఇద్దరికీ ఇష్టమే. ఇక ఫిర్యాదు ఎవరిస్తారు? ఆరోగ్యం, మహిళల హక్కులపై పనిచేసే సెహత్, మాసూమ్ సంస్థలు, ఉద్యమకారుడు సాబూ జార్జ్ చట్టం అమలు చేయించమని 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లాకే ప్రభుత్వాలు కదిలాయి. సాక్షి లేని నేరానికి కాగితాన్నే సాక్షిగా నిలబెట్టింది ఆ సవరణ. స్కానింగ్ ఎందుకు చేశారు, ఎవరు రాసిచ్చారు, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని గర్భిణి సంతకం చేసిందా, అన్నీ ఫారం ఎఫ్‌లో ఉండాలి. లోపం ఉంటే తప్పు చేయలేదని నిరూపించుకోవాల్సింది డాక్టరే. నిజాయితీగా పనిచేసే డాక్టర్లకు ఇది టెన్షనే, కాదనను. కానీ గైనకాలజిస్టుల సమాఖ్య ఇదే బాధ చెప్పుకుంటే 2019 మేలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రికార్డు నిబంధన సడలిస్తే చట్టమే నీరుగారిపోతుందంది.

"మన గోదావరి జిల్లాల్లో ఆ జాడ్యం లేదండీ" అనేవాళ్లు 2011 జనాభా లెక్కలు చూపిస్తారు. రెండు జిల్లాల్లోనూ మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ, నిజమే. ఆ లెక్కలో మన నాయనమ్మలూ అమ్మమ్మలూ ఉన్నారు. చూడాల్సింది ఆరేళ్లలోపు పిల్లల్ని. ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. కూతురికి ఆస్తిలో సమాన వాటా 1985 నుంచే ఇచ్చిన రాష్ట్రం ఇది! అయినా పసుపుకుంకుమ కింద ఎన్ని ఎకరాలిస్తారన్న మాట పెళ్లిచూపుల్లో ఆగలేదు.

గర్భిణి ఆడో మగో తెలుసుకునే పరీక్షకు వచ్చిందంటే భర్తో బంధువులో బలవంతపెట్టే ఉంటారని చట్టమే అనుకుంటుంది. అశోకన్ చెప్పినట్టు చేస్తే, కడుపులో ఆడపిల్ల అని తెలిసిన అదే ఇంట్లో ఆమె ఇంకో నాలుగైదు నెలలు గడపాలి. ఆమెను కనిపెట్టుకుని ఉండాల్సిన ఆశా కార్యకర్త వచ్చి చూసి వెళ్లేది పగలు కాసేపే.