సి4: ఎటు వెళ్తానో ఇప్పుడే చెప్పను

2024 డిసెంబర్ 8న సింగపూర్‌లో ప్రపంచ చదరంగ చాంపియన్‌షిప్ 11వ గేమ్ ఓడిపోయేసరికి చైనా చాంపియన్ డింగ్ లిరెన్ 5–6తో వెనకబడ్డాడు. ఇక మిగిలింది మూడే గేములు. అవతల కూర్చున్నది పద్దెనిమిదేళ్ల గుకేశ్. మర్నాడు తెల్లపావులు డింగ్‌వి. ఇలాంటప్పుడు రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోసి, మీదపడి కొడతాడనే ఎవరైనా అనుకుంటారు. డింగ్ మధ్య బంట్ల జోలికే పోలేదు. తన ఎడమ చేతి వైపు నుంచి మూడో బంటును రెండు గళ్లు జరిపాడు. 39 ఎత్తుల్లో గెలిచి స్కోరు 6–6 చేశాడు.

ఆ మొదటి ఎత్తును సి4 అని రాస్తారు: తెల్లవైపు నుంచి చూస్తే ఎడమ నుంచి మూడో నిలువు వరస సి, అందులో కింది నుంచి నాలుగో గడి. దాన్నే ఇంగ్లిష్ ఓపెనింగ్ అంటారు. బోర్డు నడిమిని బంట్లతో నేరుగా ఆక్రమించకుండా పక్కల నుంచి పట్టు బిగించే ఆరంభాలన్నిటినీ కలిపి ఫ్లాంక్ ఓపెనింగులు అంటారు, అందులో ఇది పెద్దన్న. ఆ మ్యాచ్ చివరి నాలుగు గేముల్లో మూడు ఈ కుటుంబానివే. 11వ గేములో గుకేశ్ గుర్రంతో మొదలుపెట్టి వెంటనే సి4 ఆడాడు. టైటిల్ తేల్చిన 14వ గేమును డింగ్ కూడా గుర్రంతోనే మొదలుపెట్టాడు. మ్యాచ్ ముగిశాక గుకేశ్ తన టీమ్ పేర్లు బయటపెట్టినప్పుడు అందులో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ పేరు విని చాలామంది తెలుగువాళ్లు సంతోషపడ్డారు. తెరవెనక ఈ ఓపెనింగులను నూరిపోసేది ఇలాంటివాళ్లే.

ఇంతకీ ఆ బంటు సి4కి వెళ్లి చేసే పనేంటి? చూడ్డానికి ఏమీ లేదు. ఈ4 ఆడితే బిషప్‌కీ, క్వీన్‌కీ ఒకేసారి దారి తెరుచుకుంటుంది. సి4 ఆడితే క్వీన్‌కి ఎడమ పక్కగా ఒక సన్నని సందు దొరుకుతుంది, అంతే. రాజు వైపు ఒక్క పావూ కదలదు కాబట్టి కాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపి రాజును భద్రపరచడం) కూడా దగ్గరపడదు. కానీ బంటు ఐమూలగా కొడుతుంది కదా. సి4లో ఉన్న బంటు చూపు డి5 గడి మీద ఉంటుంది. డి5 అంటే బోర్డు నడిబొడ్డులోని నాలుగు గళ్లలో ఒకటి.

తర్వాతి ఎత్తులు చూస్తే అసలు ఉద్దేశం తెలుస్తుంది. ఎడమ గుర్రం సి3కి వస్తుంది, అది కూడా డి5నే చూస్తుంది. కుడివైపు జి బంటు ఒక గడి జరిగి దారిస్తే బిషప్ జి2కి చేరుతుంది. అక్కడి నుంచి బోర్డు అవతలి మూల దాకా పోయే పొడుగాటి ఐమూల గీత సరిగ్గా డి5 మీదుగానే పోతుంది. బంటు, గుర్రం, బిషప్ మూడూ ఒకే గడి మీద గురిపెట్టాయి. తెల్లవైపు డి, ఈ బంట్లు మాత్రం ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. నల్లవాడు డి5లో బంటు పెడితే సి బంటుతో దాన్ని మార్చుకోవచ్చు. అలా మార్చుకుంటే తెల్లవాడికి నడిమి బంట్లు రెండూ మిగులుతాయి, నల్లవాడికి ఒకటే. ఆటలో చాలాసేపటి తర్వాత కూడా ఆ తేడా పనికొస్తుంది.

1843లో లండన్‌కు చెందిన హోవార్డ్ స్టాంటన్ పారిస్ వెళ్లి, ఫ్రాన్స్ మేటి ఆటగాడు సాంతమాఁతో 21 గేముల మ్యాచ్ ఆడాడు. 11 గెలిచి, 6 ఓడి, 4 డ్రా చేసుకున్నాడు. అందులో సి4 కూడా ఆడాడు కాబట్టి ఓపెనింగ్‌కి ఆ పేరు వచ్చింది. ఇవాళ టోర్నమెంట్లలో వాడే పావుల నమూనాకు ఉన్నదీ ఆయన పేరే. పావులు ప్రపంచమంతా పాకాయిగానీ, ఓపెనింగ్‌ని మాత్రం ఆ కాలంవాళ్లు పట్టించుకోలేదు. ఎదురుబొదురుగా బంట్లు తోసుకుని, పావులు బలిచ్చి, రాజు మీదికి దూకడమే అప్పట్లో చదరంగం. పక్కన కూర్చుని దూరం నుంచి గురిచూడటం పిరికితనంగా కనిపించి ఉండాలి.

ఆ అభిప్రాయాన్ని గట్టిగా కుదిపింది 1924 న్యూయార్క్ టోర్నమెంట్. ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా అప్పటికి ఎనిమిదేళ్లుగా ఒక్క గేమూ ఓడలేదు. రిచర్డ్ రేటి ఆయన మీద గుర్రం ఎఫ్3, సి4, బి4 అని మూడు ఎత్తులు ఆడాడు. మధ్యలో ఒక్క బంటూ లేదు. 31వ ఎత్తుకి కాపబ్లాంకా ఓటమి ఒప్పుకున్నాడు. నడిమి గళ్లలో బంట్లు పాతుకోవడం ఒక పద్ధతి, దూరం నుంచి పావులతో వాటిని అదుపు చేయడం ఇంకో పద్ధతి అని వాదించిన తరానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదు. సరిగ్గా వందేళ్ల తర్వాత సింగపూర్ 11వ గేములో గుకేశ్ తెల్లపావులతో ఆడిన మొదటి మూడు ఎత్తులూ ఇవే: గుర్రం ఎఫ్3, సి4, బి4.

ఇంగ్లిష్ ఓపెనింగ్ అసలు బలం డి5 మీద పట్టులో కంటే ఎత్తుల వరసలో ఉందని నా అభిప్రాయం. దానికి కొంచెం లెక్క కావాలి. ఆట మొదట్లో తెల్లవాడికి 20 ఎత్తులు సాధ్యం: బంట్లతో 16, గుర్రాలతో 4. నల్లవాడికీ 20. అంటే చెరో ఎత్తు అయ్యేసరికి 400 రకాల బోర్డులు. తెల్లవాడి రెండో ఎత్తు కూడా వేస్తే మొత్తం 8,902 వరసలు వస్తాయి. కానీ బోర్డు మీద వేర్వేరుగా కనిపించే పొజిషన్లు 5,362 మాత్రమే. మిగతా వరసలు, అంటే దాదాపు 40 శాతం, ఇంకో దారిలో ముందే వచ్చేసిన పొజిషన్‌కే చేరతాయి. ముందు సి4 ఆడి తర్వాత డి4 ఆడినా, ముందు డి4 ఆడి తర్వాత సి4 ఆడినా, మధ్యలో నల్లవాడు అదే ఎత్తు వేస్తే బోర్డు ఒకటే. దీన్ని ట్రాన్స్‌పొజిషన్ అంటారు. ఆట ముదిరేకొద్దీ ఇలా కలిసే దారులు ఇంకా పెరుగుతాయి. చదరంగాన్ని కొమ్మలేసే చెట్టులా బొమ్మ గీస్తారుగానీ, నిజానికి ఇది విడిపోయిన కొమ్మలు మళ్లీ కలుసుకునే వల.

కంప్యూటర్లకు చదరంగం నేర్పినవాళ్లకి ఈ సంగతి మొదట్లోనే ఎదురైంది. ఒకే పొజిషన్‌ను పది దారుల్లో పదిసార్లు లెక్కగడితే టైమంతా దానికే పోతుంది. 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ చక్కటి ఉపాయం చెప్పాడు. పన్నెండు రకాల పావులు, 64 గళ్లు, మొత్తం 768 జతలు. ఒక్కో జతకి ముందే ఒక పెద్ద యాదృచ్ఛిక సంఖ్య కేటాయించాలి. బోర్డు మీదున్న పావుల సంఖ్యలన్నిటినీ ఒక ప్రత్యేక పద్ధతిలో కలిపితే ఆ పొజిషన్‌కి ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. కిరాణా కొట్లో కందిపప్పు ముందు రాసినా చింతపండు ముందు రాసినా బిల్లు మొత్తం మారనట్టే, ఏ ఎత్తు ముందు వేసినా ఈ సంఖ్య మారదు. ఎవరి వంతు, కాస్లింగ్ హక్కు ఉందా లేదా వంటివాటికీ వేరే సంఖ్యలు ఉంటాయి. ఇప్పుడు మన ఫోన్లో ఆడే చెస్ ప్రోగ్రామ్ కూడా లోపల ఈ పద్ధతినే వాడుతుంది. తెలిసిన సంఖ్య కనబడగానే పాత లెక్క బయటికి తీసి ముందుకి పోతుంది.

కంప్యూటర్‌కి దారి ముఖ్యం కాదు, చేరిన చోటే ముఖ్యం. మనిషికి దారి కూడా ముఖ్యమే, ఎందుకంటే దారిలో ఎదుటివాడికి ఏం తెలుస్తోందన్నది మన చేతిలో ఉంటుంది. ఒక ఉదాహరణ. నల్లపావులతో గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్ ఆడే మనిషి ఉన్నాడనుకుందాం. అతనికి కావాల్సిన వరస ఇది: తెల్లవాడు డి4, సి4, గుర్రం సి3 ఆడాలి, తను గుర్రం ఎఫ్6, జి6 వేసి మూడో ఎత్తులో బంటును డి5కి తోయాలి. ఏళ్ల తరబడి చదివిందంతా అక్కడి నుంచి మొదలవుతుంది. తెల్లవాడు డి4 దాచిపెట్టి సి4తో మొదలుపెట్టాడు. గుర్రం ఎఫ్6. రెండో ఎత్తు గుర్రం సి3. నల్లవాడు అలవాటుగా జి6 వేశాడు. ఇప్పుడు తెల్లవాడు ఈ4 తోస్తాడు. డి5 గడి మీద ఇప్పుడు రెండు బంట్లు, ఒక గుర్రం కాపలా. నల్లవాడు ఇక డి5 అనలేడు. ఆ తర్వాత తెల్లవాడు నింపాదిగా డి4 వేస్తే అది కింగ్స్ ఇండియన్ అనే వేరే ఓపెనింగ్ అయి కూర్చుంటుంది. ఇల్లు మారింది, సామాను పాత ఇంట్లోనే ఉండిపోయింది. జాగ్రత్త తెలిసినవాడు రెండో ఎత్తులోనే డి5 వేసి తప్పించుకుంటాడు, కానీ అదీ అతను చదువుకున్న గ్రూన్‌ఫెల్డ్ కాదు.

పెద్ద మ్యాచ్‌ల్లో ఈ ఉపాయం ఎంత పనిచేస్తుందో చెప్పడానికి 1972లో ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఒక్కటి చాలు. అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ అంటే ఈ4. అరుదుగా తప్ప వేరేది ముట్టడు. అప్పటి చాంపియన్ బోరిస్ స్పాస్కీ బృందం దానికే నెలల తరబడి తయారైంది. స్కోరు 2.5–2.5గా ఉన్నప్పుడు ఆరో గేములో ఫిషర్ సి4 ఆడాడు. ఈ6, గుర్రం ఎఫ్3, డి5, డి4. మూడో ఎత్తుకల్లా అది డి4తో మొదలయ్యే క్వీన్స్ గాంబిట్ ఓపెనింగ్ అయిపోయింది. ఫిషర్ దాన్ని 41 ఎత్తుల్లో ఎంత శుభ్రంగా గెలిచాడంటే, ప్రేక్షకులతో పాటు ఓడిన స్పాస్కీ కూడా చప్పట్లు కొట్టాడు. 2013లో చెన్నైలో కార్ల్‌సన్ కూడా ఐదో గేములో ఆనంద్ మీద సి4తో మొదలుపెట్టి రెండో ఎత్తుకే డి4 వేసి దారి మార్చాడు. ఆ మ్యాచ్‌లో మొదటి గెలుపు అదే. మన ఆనంద్ అభిమానులకి ఆ సాయంత్రం అంత తీపి జ్ఞాపకమేమీ కాదనుకోండి.

దాచుకోవడం ఊరికే రాదు. డి4 ఆడిన చోట నల్లవాడు ఈ5 పెట్టలేడు, తెల్ల బంటు కొట్టేస్తుంది. సి4 ఆడితే మాత్రం ఈ5కి అడ్డేమీ లేదు. అప్పుడు బోర్డును తిప్పి చూస్తే అది సిసిలియన్ డిఫెన్స్, అంటే ఈ4కి నల్లవాడు సి5తో ఇచ్చే జవాబు. నల్లవాడు ఆడే సిసిలియన్‌ని తెల్లవాడు ఆడుతున్నాడు, పైగా ఒక ఎత్తు అదనంగా. నల్లవాళ్లకి అంత బాగా పనికొచ్చే ఓపెనింగ్‌లో ఒక ఎత్తు ఎక్కువుంటే తెల్లవాడు నెగ్గుకురావాల్సిందే కదా? అలా జరగదు. సిసిలియన్‌లో నల్లవాడి బలమంతా ఎదురుదాడి, అంటే అవతలివాడు ఏం చేస్తాడో చూసి జవాబివ్వడం. ఒక ఎత్తు అదనంగా ఉన్నవాడు ముందు తన ఉద్దేశం చూపించాలి. అప్పుడు నల్లవాడు దూకుడు తగ్గించి, ఆ అదనపు ఎత్తు అంతగా అక్కరకు రాని అమరిక ఎంచుకుంటాడు. ఎప్పుడూ వంతు రావడం లాభమే అనుకునే మనకి చదరంగం చెప్పే వింత సంగతుల్లో ఇదొకటి.

ఇంకో మాట కూడా చెప్పాలి. సి4 ఆడితే థియరీ చదవక్కర్లేదు, నాలుగు ఎత్తులు నేర్చుకుంటే చాలు అని పిల్లలకి చెప్పే కోచ్‌లు ఉన్నారు. నమ్మొద్దు. ఓపెనింగుల ఎన్‌సైక్లోపీడియాలో ఇంగ్లిష్‌కి ఏ10 నుంచి ఏ39 దాకా ముప్పై కోడ్‌లు ఉన్నాయి. అవి కాక క్వీన్స్ గాంబిట్, కింగ్స్ ఇండియన్ వంటి పొరుగిళ్లలోకి ఎప్పుడు పోవాలో, ఎప్పుడు పోకూడదో తెలియాలి. వెళ్లిన చోట ఏం చేయాలో తెలియనివాడికి ఎటైనా వెళ్లగలగడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఆటలోని నియమాలు తప్ప ఇంకేమీ చెప్పకుండా 2017లో తనతో తనే ఆడుకుని నేర్చుకున్న ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా ఇంగ్లిష్ ఓపెనింగ్‌ని సొంతంగా కనిపెట్టి తరచుగా ఆడింది. దానికి పొరుగిళ్లన్నీ తెలుసు. పదేళ్ల పిల్లాడికి ముందు ఈ4 ఆడి దెబ్బలు తినడమే మంచిదంటాను.

మరి గెలిచి తీరాల్సినప్పుడు ఇంత నెమ్మది ఓపెనింగ్ ఎందుకు? 1987 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని సెవిల్‌లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్, కార్పోవ్‌తో మ్యాచ్‌లో 23వ గేమ్ ఓడి 11–12తో వెనకబడ్డాడు. ఆఖరి గేమ్ డ్రా అయినా టైటిల్ కార్పోవ్‌దే. కాస్పరోవ్ సి4 ఆడాడు. గుర్రం ఎఫ్3, తర్వాత బిషప్పులు రెండూ రెండు పక్కల జి2, బి2 గళ్లలో. దాడి చేసే తొందర ఎక్కడా లేదు. డ్రా చాలనుకునేవాడికి కావాల్సింది పావులు మార్చుకుని బోర్డు ఖాళీ చేయడం. మధ్యలో బంట్లు ఢీకొంటే ఆ పని సులువవుతుంది. వాటిని వెనకే ఉంచితే పావులు బోర్డు మీద మిగులుతాయి, నిర్ణయాలు వాయిదా పడతాయి, గడియారం మాత్రం ఆగదు. కార్పోవ్‌కి టైమ్ తక్కువైంది, తప్పులు మొదలయ్యాయి. ఆ రాత్రి గేమ్ వాయిదా పడే సమయానికి కాస్పరోవ్‌కి ఒక బంటు ఎక్కువుంది. మర్నాడు 64వ ఎత్తుకి కార్పోవ్ ఓటమి ఒప్పుకుని చేయి చాపాడు. 12–12. మ్యాచ్ సమమైతే టైటిల్ పాత చాంపియన్‌కే అన్న నియమం వల్ల కాస్పరోవ్ చాంపియన్‌గానే మిగిలాడు.