మెయింటెనెన్స్ ఎస్ఎఫ్‌టీ లెక్కనా, ఫ్లాటు లెక్కనా? తగాదా ఎక్కడ మొదలైంది

హైదరాబాద్ కానీ, విజయవాడ కానీ, విశాఖ కానీ, అపార్ట్‌మెంట్ జనరల్ బాడీలో టీ కప్పులు ఖాళీ కాకముందే లేచే ప్రశ్న ఇదే. మూడు బెడ్‌రూముల వాళ్లు "లిఫ్టు అందరూ ఎక్కుతారు, సమానంగా పంచండి" అంటారు. రెండు బెడ్‌రూముల వాళ్లు "ఆస్తి ఎక్కువున్న వాళ్లు ఎక్కువ కట్టాలి" అంటారు. పట్టుబడితే ఇరుపక్షాలకూ న్యాయం దొరుకుతుంది. అసలు చిక్కు ఏ లెక్క సరైనదన్నది కాదు, ఆ లెక్కను ఏ కాగితం మీద, ఎవరు, ఎప్పుడు రాయాలన్నది. చాలా భవనాల్లో ఆ కాగితమే లేదు.

ముందు అంకెలు చూద్దాం. ఇరవై ఫ్లాట్లు: పది వెయ్యి చదరపు అడుగులవి, పది 1,500వి. మొత్తం 25,000. నెల ఖర్చు 60,000 రూపాయలనుకుందాం. సమానంగా పంచితే తలా 3,000. ఎస్ఎఫ్‌టీకి, అంటే చదరపు అడుగుకు, 2.40 చొప్పున వేస్తే చిన్న ఫ్లాటుకు 2,400, పెద్దదానికి 3,600. వాచ్‌మన్ జీతం, ఊడ్పు, లిఫ్టు, నీళ్ల మోటారు కరెంటు కలిపి 40,000 అయితే దాన్ని ఫ్లాటు లెక్కన పంచి, పెయింటింగ్, వాటర్‌ప్రూఫింగ్, బీమా లాంటి మిగతా 20,000 ఎస్ఎఫ్‌టీ లెక్కన వేస్తే 2,800, 3,200 వస్తుంది. పెద్ద ఫ్లాటుకూ చిన్న ఫ్లాటుకూ తేడా నాలుగు వందలు. ఈ నాలుగు వందల మీదే ఏళ్ల తరబడి మాటలు ఆగిపోయిన పొరుగువాళ్లున్నారు.

కాలనీ సంఘాలకు ఈ తలనొప్పి లేదు. ప్లాట్ల కాలనీలో ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి గోడ వాళ్లది. రోడ్డు, పార్కు లేఅవుటు ప్రకారం స్థానిక సంస్థకు పోతాయి. సంఘం పని అంతా వీధి దీపాలు, డ్రైనేజీ, పార్కు స్థలం కబ్జా కాకుండా చూసుకోవడం. చందా ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవరి పైకప్పూ కారదు. అపార్ట్‌మెంట్ వచ్చాక ఆ తీరు మారింది: కింద నేల, పైన టెర్రస్, మధ్యలో మెట్లు, లిఫ్టు, సంపు అందరివీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నట్టు తయారయ్యే ప్రమాదం అక్కడే మొదలైంది.

మన నగరాల్లో ఎక్కువ అపార్ట్‌మెంట్లు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద కట్టినవి. స్థలం యజమాని భూమి ఇస్తాడు, బిల్డర్ కడతాడు, ఫ్లాట్లు వాటాల ప్రకారం పంచుకుంటారు. బిల్డర్ తన వాటా అమ్ముకుని వెళ్లిపోతాడు. స్థలం యజమాని తన ఫ్లాట్లతో అక్కడే ఉంటాడు, లేదా అద్దెకిచ్చుకుంటాడు. "నా భూమి మీద కట్టారు, నాకెందుకు మెయింటెనెన్స్" అన్న వాదన పుట్టేది ఇక్కడే. చట్టం దృష్టిలో దానికి బలం లేదు. ఆయన కూడా మిగతావాళ్లలాగే ఫ్లాట్ల యజమాని. అయినా సంఘం మొదలైన రోజే ఆ సంగతి రాసుకోకపోతే ఆయన దగ్గరికి వెళ్లి అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఫ్లాటు కొనుగోలుదారును కాపాడే చట్టాలు మహారాష్ట్రలో ముందు వచ్చాయి: 1963లో ఫ్లాట్ల యాజమాన్యంపై ఒకటి, 1970లో అపార్ట్‌మెంట్ యాజమాన్యంపై ఇంకొకటి. కర్ణాటక 1972లో తన చట్టం చేసుకుంది. మన దగ్గర 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల (నిర్మాణ ప్రోత్సాహం, యాజమాన్యం) చట్టం వచ్చింది. బిల్డర్ ఆస్తి వివరాలు చూపాలి, రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ఫ్లాట్ల యజమానులు సంఘంగా ఏర్పడాలి అన్న మౌలిక సూత్రాలు అందులో ఉన్నాయి. చట్టం చేతికి వచ్చింది గానీ దాన్ని అడిగే అలవాటు రాలేదు. కొనేవాళ్లకు సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, బ్యాంకు లోను వస్తే చాలన్న తృప్తి. సంఘం సంగతి వాచ్‌మన్ జీతం ఎవరిస్తారన్న ప్రశ్న వచ్చేదాకా ఎవరికీ గుర్తు రాదు.

గుర్తొచ్చాక రిజిస్ట్రేషన్‌కు రెండు దారులు కనిపించాయి. మొదటిది సొసైటీల రిజిస్ట్రేషన్. ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి కేంద్ర చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి పబ్లిక్ సొసైటీల చట్టం నడిచేవి. రెండింటినీ తీసేసి 2001లో ఒకే చట్టం చేశారు. కనీసం ఏడుగురు సభ్యులు, సంఘం ఉద్దేశాలు రాసిన మెమొరాండం, నియమాలు రాసిన బైలాస్ ఉంటే రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతుంది. రెండోది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, జనం నోట్లో 'మ్యాక్స్'. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు కొన్ని "మెయింటెనెన్స్ మ్యూచువల్లీ ఎయిడెడ్ సొసైటీ" పేరుతో అటు వెళ్లాయి.

రెండు దారుల మధ్య తేడా పేరులోనే అనుకుంటే పొరపాటు. 2001 చట్టం కింద తగాదా వస్తే మధ్యవర్తిత్వం గానీ, జిల్లా కోర్టు గానీ. మ్యాక్స్ కింద అయితే సహకార ట్రిబ్యునల్. ఒక పక్షం ఒకచోటికి, ఇంకో పక్షం మరోచోటికి వెళితే కేసు విషయం మొదలుకాకముందే "ఇది మా పరిధి కాదు" అన్న మాటతో ఏడాది గడుస్తుంది. కొన్ని భవనాల్లో పాత కమిటీ ఒక చట్టం కింద, దానితో గొడవపడి వచ్చిన కొత్త కమిటీ ఇంకో చట్టం కింద రిజిస్టర్ చేసుకున్న ఘనత కూడా ఉంది. గేటు ఒకటి, రసీదు పుస్తకాలు రెండు. అందుకే మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసి, దాని మీద ఏ చట్టం రాసి ఉందో ముందు చూడండి.

బైలాస్ పెట్టినచోట కూడా అవి చాలాసార్లు డాక్యుమెంట్ రైటర్ దగ్గర దొరికిన నమూనా. అందులో "సభ్యులు నిర్ణయించిన మెయింటెనెన్స్ చెల్లించవలెను" అని ఉంటుంది తప్ప, ఏ లెక్కన అని ఉండదు. ఇప్పుడు మహారాష్ట్ర అనుభవం పనికొస్తుంది. అక్కడ సహకార హౌసింగ్ సొసైటీల్లో సేవా ఖర్చులు ఫ్లాటుకు సమానంగా అన్న పద్ధతి ఉంది. అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం కిందికొచ్చిన భవనాల్లో మాత్రం ఉమ్మడి ఆస్తిలో ఎవరి వాటా ఎంతో అంత. అంటే సమాన లెక్కా, వాటా లెక్కా రెండూ న్యాయమైనవే. ఏది వర్తించేదీ మీ సంఘం ఏ చట్టం కింద పుట్టింది, భవనం వివరాలు, వాటాలు ప్రకటించిన డిక్లరేషన్‌లోనూ బైలాస్‌లోనూ ఏం రాసుకున్నారు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

వాటా లెక్క కావాలంటే ముందు వాటాలు కలవాలి. ప్రతి సేల్ డీడ్‌లో ఫ్లాటుతోపాటు భూమిలో అవిభాజ్యపు వాటా (యూడీఎస్) చదరపు గజాల్లో ఉంటుంది. 600 గజాల స్థలంలో పదిహేను సమాన ఫ్లాట్లుంటే తలా నలభై గజాలు. అన్ని డీడ్‌లూ ఒకచోట పెట్టి కూడండి. చాలాసార్లు కూడిక స్థలం కొలతకు సరిపోదు. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ కట్టి అమ్మినప్పుడు దానికీ కొన్ని గజాలు రాయడం ఒక కారణం. రోడ్డు వెడల్పులో పోయిన స్థలం తీసేయకుండా పాత కొలతే పంచడం ఇంకొకటి. గజాల లెక్కే పక్కాగా లేని భవనంలో "వాటా ప్రకారం" అన్న మాట కాగితం మీదే అందంగా ఉంటుంది.

స్టిల్ట్ పార్కింగు (భవనం కింద స్తంభాల మధ్య వదిలిన చోటు) మీద 2010 ఆగస్టులో సుప్రీంకోర్టు మహారాష్ట్ర చట్టానికి సంబంధించిన కేసులో స్టిల్ట్‌ను విడిగా అమ్మకూడదంది. తర్వాత వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం, రెరా, ఆరుబయట పార్కింగును ఉమ్మడి స్థలంగా నిర్వచించింది. మీ డీడ్‌లో పార్కింగు నంబరు ఉందా, ఉంటే అది ప్లాన్‌లో ఉన్న చోటేనా అన్నది విడిగా చూసుకోవాల్సిన సంగతి.

2016 నాటి రెరా చట్టం అసలు లోపానికి మందు పెట్టింది. స్థానిక చట్టం చెప్పనిచోట, సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా బిల్డర్ చూడాలి. సంఘం బాధ్యత తీసుకునేదాకా సేవలు అతనే నడపాలి, సబబైన చార్జీలకు. జనం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన మూడు నెలల్లో ఉమ్మడి స్థలాలు సంఘం పేర రాయాలి. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లో కాగితాలు, ప్లాన్లు అప్పగించాలి. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడి తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. తన వాటా మెయింటెనెన్స్ కట్టడం కొన్నవాడి బాధ్యతని కూడా అదే చట్టంలో రాశారు. తెలంగాణ నియమాలు 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకే. అంతకుముందు కట్టిన వేలాది భవనాలకు పాత దారే గతి.

అప్పగింతలో ఎక్కువసార్లు జారిపోయేవి చూడండి: మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఎత్తైన భవనాలకు ఫైర్ ఎన్‌ఓసీ, ఎస్టీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటుకు) కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, లిఫ్టు, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్ వారంటీలు, పైపులు గోడల్లో ఎటు వెళ్తున్నాయో చూపే డ్రాయింగులు. చివరిది లేకపోతే ఒక లీకేజీ కోసం మూడు గోడలు పగలగొట్టాలి. ఎస్టీపీ అప్పగింత అంటే తాళం చెవి ఇవ్వడం కాదు. బ్లోయర్లు ఆడుతున్నాయా, నీటి నమూనా పరీక్ష ఫలితం ఏమిటి, బురద ఎవరు తీసుకెళ్తున్నారు అన్నవి చూసి సంతకం చేయాలి. కమిటీ సంతకం పెట్టేశాక లోపం తనది కాదనడం బిల్డర్‌కు తేలిక.

కార్పస్ ఫండ్ సంగతి మరింత చేదు. ఎస్ఎఫ్‌టీకి ఇంత అని కొనేటప్పుడే వసూలు చేస్తారు. అది లిఫ్టు మార్చడానికి, బయటి పెయింటింగ్‌కు, బోరు ఎండితే కొత్తది వేయడానికి దాచే సొమ్ము. బిల్డర్ దాన్ని నెలవారీ ఖర్చులకు వాడేసి సున్నా చూపడం తరచూ జరిగే మోసం. నెల చార్జీ పెంచలేని కమిటీ లోటు పూడ్చడానికి అందులో చెయ్యి పెట్టడం అంతకన్నా తరచుగా జరిగేది, దాన్ని ఎవరూ మోసమనరు. డిపాజిట్ అసలు కదలకుండా వడ్డీ మాత్రమే వాడాలని బైలాస్‌లో రాసుకున్న చోట ఈ బెడద తక్కువ.

2017లో జీఎస్టీ రావడంతో లెక్కకు ఇంకో మడత పడింది. నెలకు సభ్యుడికి 5,000 దాకా మినహాయింపు ఉండేది, 2018 జనవరి 25 నుంచి అది 7,500 అయింది. ఏడాది వసూళ్లు 20 లక్షల లోపు ఉన్న సంఘానికి ఈ గొడవే లేదు. ఆ రెండు గీతలూ దాటితే 18 శాతం. 2019 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం 7,501 వసూలు చేస్తే మొత్తం మీద పన్ను, అంటే 1,350 రూపాయలు. 2021 జూలైలో మద్రాసు హైకోర్టు, పైన ఉన్న ఒక్క రూపాయి మీదే పన్ను, అంటే 18 పైసలు అంది. ఎస్ఎఫ్‌టీ లెక్క పెట్టుకున్న పెద్ద ఫ్లాట్లే ముందుగా ఈ గీత దాటుతాయి కాబట్టి పాత తగాదాకు కొత్త ఆజ్యం దొరికింది.

నీళ్ల దగ్గర ఇంకో రకం. 2021 జనవరిలో హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. అపార్ట్‌మెంట్‌కు ఒకే కనెక్షన్, ఒకే క్యాన్ (వినియోగదారు ఖాతా) నంబరు. రాయితీ రావాలంటే ప్రతి ఫ్లాటూ తన వివరాలు దానికి జత చేయించుకోవాలి. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రామాణిక లెక్క. ఇరవై ఫ్లాట్లు, తలా నలుగురు: రోజుకు 10,800, నెలకు 3,24,000 లీటర్లు. అందరూ జత చేస్తే ఉచిత పరిమితి 4,00,000, మిగిలే ఉంటుంది. ఆరు ఫ్లాట్ల వాళ్లు వదిలేస్తే వచ్చే బిల్లు సంఘం పేరనే వస్తుంది. ఊళ్లో లేని యజమాని, అద్దెకున్నవాళ్లు "మాకేం సంబంధం" అనడం, పాత ఆస్తిపన్ను నంబరు బిల్డర్ పేర ఉండిపోవడం ఇందుకు మామూలు కారణాలు.

బకాయిదారును ఏం చేయాలి? కరెంటు మీటరు విద్యుత్ పంపిణీ సంస్థతో (డిస్కం) ఎవరికి వారిది, దాన్ని సంఘం ముట్టకూడదు. నీళ్లు ఆపడం నేరుగా కోర్టుకు దారి. రాతపూర్వక నోటీసు, ఆపైన శాశ్వత లోక్ అదాలత్ లేదా వసూలు దావా. బకాయిపై దావాకు గడువు మూడేళ్లే కాబట్టి "వాడే ఇస్తాడులే" అని నాలుగేళ్లు చూసిన సంఘం మొదటి ఏడాది సొమ్ము పోగొట్టుకున్నట్టే. నోటీసుతోపాటు చార్జీ నిర్ణయించిన తీర్మానం కాపీ పెట్టాలి. ఆ తీర్మానంలో మూడు సంగతులు తప్పనిసరి: ఏ ఖర్చు ఫ్లాటు లెక్కన, ఏ ఖర్చు ఎస్ఎఫ్‌టీ లెక్కన అన్న విభజన, ఎస్ఎఫ్‌టీ ఏ కాగితం ప్రకారం అన్నది, ఖాళీగా ఉన్న ఫ్లాటుకు రాయితీ ఉందో లేదో. హాజరైన వాళ్ల సంతకాలు అదే పేజీ మీద ఉండాలి, విడి కాగితం మీద కాదు. 2001 చట్టం కింద సంఘమైతే సమావేశం జరిగిన 15 రోజుల్లో కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్‌కు వెళ్లాలి.