మూడు యంత్రాలు, మూడు అంకెలు

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ఒకే వారంలో మూడు చోట్ల కొలిపించుకుంటే ఒకచోట 14 శాతం, ఇంకోచోట 18, మరోచోట 21 శాతం కొవ్వు ఉందన్నారనీ, ఏది నిజమో తేల్చి చెప్పమనీ రాశారు. అక్క ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుందని చిన్నవాడు చివర్లో ఇరికించి రాసిన వాక్యం కూడా చదివాను. ముందు ఆ సంగతి. తల్లీ, అన్నం మానుకోవలసినంత నమ్మకమైన అంకె ఆ మూడింటిలో ఒక్కటీ లేదు.

ముప్పై ఏళ్లు ఆటగాళ్ల చర్మపు మడతలు పట్టి కొలిచినవాడిని కాబట్టి చెబుతున్నాను. బతికున్న మనిషిలోని కొవ్వును తూకం వేసే సాధనం ఏదీ లేదు. కోసి విడదీస్తే తప్ప అసలు బరువు తెలియదు. ఆ పనీ చేశారు. 1980 ప్రాంతంలో బ్రసెల్స్‌లో 25 మృతదేహాలను చర్మం, కొవ్వు, కండ, ఎముక వేరుచేసి తూచారు. మిగతా పద్ధతులన్నీ వేరే ఏదో ఒకటి కొలిచి, దాన్నిబట్టి కొవ్వు ఇంత ఉండవచ్చునని ఊహించేవే. మిమ్మల్ని కొలిచిన మూడు సాధనాలూ మూడు వేర్వేరు విషయాలను కొలిచాయి. మూడు జవాబులు రావడంలో వింత లేదు.

అన్నిటికీ పెద్దన్న నీటి తొట్టి. కొవ్వు తేలుతుంది, కండ మునుగుతుంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఊపిరంతా వదిలించి, నీటిలో ముంచి తూస్తారు. అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కీ ఈ పద్ధతితో చేసిన పని నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. 1942లో ఆయన బృందం 25 మంది వృత్తి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీటిలో తూచింది. ఎత్తుకు తగ్గ బరువు పట్టిక ప్రకారం వారిలో 17 మంది సైన్యానికి పనికిరానంత స్థూలకాయులు. నీరు మాత్రం ఆ బరువు కండదేనని చెప్పింది. ఎత్తునూ బరువునూ మాత్రమే చూసే బీఎంఐని ఆటగాళ్ల విషయంలో పక్కన పెట్టడానికి నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నీటి తూకం నుంచి వచ్చేది సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటరు దేహం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. దాన్ని కొవ్వు శాతంగా మార్చే సూత్రం 1961లో అమెరికా శాస్త్రవేత్త విలియం సిరి ఇచ్చాడు: 495ను సాంద్రతతో భాగించి, 450 తీసేయాలి. మీరే లెక్క వేయండి. సాంద్రత 1.060 అయితే 17 శాతం. 1.070 అయితే 12.6. మూడో దశాంశం దాకా పోనక్కరలేదు, రెండో దశాంశంలో ఒక్క మెట్టు మారితేనే నాలుగు శాతానికి పైగా తేడా. 60 కిలోల మనిషికి ఆ మెట్టు విలువ అరలీటరు పైచిలుకు ఘనపరిమాణం. ఊపిరి పూర్తిగా వదిలానని అనుకుంటూ భయంతో అరలీటరు గాలి లోపలే దాచుకున్న పిల్లవాడికి ఉన్నపళంగా నాలుగు శాతం కొవ్వు పెరుగుతుంది! ఎంత వదిలినా ఊపిరితిత్తుల్లో లీటరుకు పైగా గాలి మిగులుతుంది. దాన్ని విడిగా కొలవకుండా ఎత్తునూ వయసునూ బట్టి అంచనా వేస్తే అదొక తప్పు.

ఇంకో చిక్కు ఉంది, అది మీ వయసువాళ్లకే ఎక్కువ. ఆ సూత్రం కొవ్వు సాంద్రత 0.9 అనీ, కొవ్వు తీసేసిన మిగతా దేహం అందరిలోనూ 1.1 అనీ నమ్ముతుంది. ఎదిగే పిల్లల ఎముకల్లో ఖనిజం ఇంకా నిండదు, కండలో నీరు కాస్త ఎక్కువ. కాబట్టి వాళ్లలో అది 1.1 కన్నా తక్కువే, సూత్రం లేని కొవ్వును ఉన్నట్టు చూపిస్తుంది. ఎముకలు బాగా గట్టిపడిన కొందరు బక్కపలచని ఆటగాళ్లకు ఇదే సూత్రం సున్నా కంటే తక్కువ కొవ్వు చూపించింది. సున్నా కంటే తక్కువ కొవ్వుతో ఎవరైనా ఎలా బతుకుతారో నాకు అర్థం కాదు!

నీటికి బదులు గాలిలో కొలిచే గుడ్డు ఆకారపు గదిని బాడ్‌పాడ్ అంటారు. మునగక్కరలేదు, అంతే తేడా. ఒంటికి అతుక్కునే ఈతదుస్తులు వేసి తలకు టోపీ పెట్టుకోమనేది ఎందుకంటే వదులు బట్టల్లో, జుట్టులో చిక్కిన గాలి లెక్కను చెడగొడుతుంది. సాంద్రతను శాతంగా మార్చే సూత్రం మళ్లీ అదే.

మీకు 21 చూపించింది పాదాలు పెట్టి నిలబడే విద్యుత్ తూకం కదూ? అది ఒంటిలోకి మనకు తెలియనంత సన్నని కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. కండలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే, కరెంటు సులువుగా పోతుంది. కొవ్వులో నీరు తక్కువ, అడ్డు ఎక్కువ. అంటే అది చూసేది నీటిని. పరుగెత్తి చెమట కార్చి, దాహంతో ఎక్కితే నీరు తగ్గినందుకు కొవ్వు పెరిగిందంటుంది. వెంటనే అరలీటరు నీళ్లు తాగి ఎక్కితే, ఆ నీరు ఇంకా కడుపులోనే ఉంటుంది కాబట్టి పెరిగిన బరువును కూడా కొవ్వు ఖాతాలోనే వేస్తుంది. వ్యాయామంతో ఒళ్లు వేడెక్కి ఉంటే ఇంకోవైపు తూగి కొవ్వు తక్కువ చూపిస్తుంది. పైగా పాదాల నుంచి పాదాలకు పోయే కరెంటు కాళ్లనే ఎక్కువగా చూస్తుంది, పైభాగాన్ని ఊహిస్తుంది. పొద్దున్నే, పరగడుపున, మూత్రానికి వెళ్లొచ్చాక, రోజూ అదే తూకం మీద ఎక్కితే కొంత పనికొస్తుంది. శిక్షణ అయ్యాక దారిలో ఎక్కినదాన్ని మర్చిపోండి.

14 చూపించిన డెక్సాను చాలామంది తిరుగులేని తీర్పుగా చూస్తారు. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు ఒంటి గుండా పోతూ ఎముక దగ్గర ఎంత, మెత్తటి భాగంలో ఎంత తగ్గాయో చూసి లెక్క కడుతుంది. అసలు ఎముకల బలం చూడటానికి పుట్టిన యంత్రం, ఆ పనిలో దానికి సాటి లేదు. ఎక్స్‌రే మోతాదు కూడా ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువే. చేయి, కాలు, నడుము విడివిడిగా చూపడం దాని గొప్ప. కానీ ఒక తయారీదారు యంత్రానికీ మరొకరి యంత్రానికీ అంకెలు కలవవు. ముందురోజు పిండిపదార్థం దండిగా తింటే కండలో గ్లైకోజెన్ (నిల్వ ఉండే పిండిపదార్థం), దానితోపాటు నీరు చేరతాయి, యంత్రం కండ పెరిగిందంటుంది.

ఇక నా కాలిపర్, చర్మపు మడత మందాన్ని కొలిచే పటకారు లాంటి సాధనం. మోచేతికీ భుజానికీ మధ్య, వెనకవైపు సరిగ్గా సగం దూరంలో పెన్నుతో గుర్తు పెడతాను. ఎడమచేతి బొటనవేలితో, చూపుడువేలితో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కలిపి కండ మీద నుంచి పైకి లాగుతాను. వేళ్లకు ఒక సెంటీమీటరు అవతల కాలిపర్ దవడలు ఆనిస్తాను. చదరపు మిల్లీమీటరుకు పది గ్రాముల చొప్పున అవి నొక్కుతాయి. మనసులో రెండు సెకన్లు లెక్కపెట్టి ముల్లు చదువుతాను. వేళ్లు మాత్రం వదలను. ఇలా కుడివైపునే, భుజం కింద, పొట్ట, తొడ, పిక్క, మొత్తం ఎనిమిది చోట్ల. మొదటి చుట్టు పూర్తయ్యాకే రెండో చుట్టు. గుర్తు ఒక సెంటీమీటరు పక్కకు జరిగితే అంకె మారిపోతుంది, కొలిచే మనిషి మారితే ఇంకా మారుతుంది. మీకు 18 చెప్పినాయన గుర్తులు పెట్టాడా? పెట్టలేదని రాశారు. నాకు కోపం వచ్చింది.

ఆ మిల్లీమీటర్లను శాతంగా మార్చడానికి జాక్సన్, పొలాక్ అనే పరిశోధకులు 1978లో మగవాళ్లకు ఇచ్చిన సూత్రాలలాంటివి ఉన్నాయి. అవి మడతల నుంచి సాంద్రతను ఊహిస్తాయి, ఆపై సిరి సూత్రం సాంద్రత నుంచి కొవ్వును ఊహిస్తుంది. ఊహ మీద ఊహ. అందుకే నా పుస్తకంలో చివరి పదేళ్లు శాతం గడి కొట్టేసి, ఎనిమిది మడతల మొత్తం మిల్లీమీటర్లే రాశాను. మే నెలలో 78, ఆగస్టులో 71 అంటే మడతలు పలచబడ్డాయని తెలుస్తుంది. అందులో ఊహ లేదు.

ఆ గడి కొట్టేయడానికి కారణం ఒక పరుగుల పిల్ల. అందరి ముందూ ఆమె శాతం గట్టిగా చదివాను, ఇంకొంచెం తగ్గితే బాగుంటుందన్నాను. మూడు నెలల్లో మడతలు తగ్గాయి, పరుగు సమయం పెరిగింది, నెలసరి ఆగింది. తర్వాత కాలి ఎముకలో సన్నని పగులు. తిండి చాలక ఒంట్లో జరిగే ఈ నష్టానికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు రెడ్స్ అని పేరు పెట్టారు. అప్పటికి నాకు పేరు తెలియదు, తప్పు మాత్రం నాదే.

కొలత ప్రాణాలు కాపాడే చోటు కూడా ఉంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు తగ్గించుకోబోయి చనిపోయారు. ఆ తర్వాత అయిదు శాతం కంటే తక్కువ కొవ్వుకు దిగే బరువు వర్గంలో ఆడకూడదని నిబంధన పెట్టారు. కొలిచే ముందు మూత్రం సాంద్రత చూసి ఒంట్లో తగినంత నీరుందని తేల్చుకుంటారు. అక్కడ శాతం ఒక కింది హద్దు, ఇంతకంటే దిగవద్దని. అది చేరాల్సిన గమ్యం కాదు.

తల్లీ, నువ్వు ఈ వారం 800 మీటర్లు ఎంతలో పరుగెత్తావో ఉత్తరంలో రాయనే లేదు. అది రాయి. సెలవులకు వచ్చినప్పుడు కాలిపర్ ఇద్దరికీ నేర్పుతాను. ముందు నా చేతి మీద పట్టండి. ముసలి చర్మం పట్టుకున్నకొద్దీ నలిగిపోతుంది, ముల్లు ఒక్కచోట నిలవదు. రెండు చుట్లలోనూ ఒకే అంకె వచ్చేదాకా ఒకరినొకరు కొలవనివ్వను.

మీ తాతయ్య