బొమ్మ పోయింది, పెట్టె బతికే ఉంది

గుంటూరు ఏటుకూరు రోడ్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని గేటు పక్కనే వేబ్రిడ్జి, ఆ కాటా గదిలో మా బాబాయ్. అక్కడి కంప్యూటర్ ఇంకా డాస్ మీదే, అంటే విండోస్‌కి ముందు కాలపు ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడిచేది. నీలం తెర, తెల్లక్షరాలు. లారీ నంబరు కొట్టి ఎంటర్ నొక్కాలి, ఎఫ్2 నొక్కితే బరువు వస్తుంది, ఎఫ్5 నొక్కితే డాట్ మాట్రిక్స్ ప్రింటర్ కర్రుకర్రుమంటూ చీటీ కక్కుతుంది. ఓ మార్చి మధ్యాహ్నం, బయట మిర్చి టిక్కీల లారీలు వరస కట్టి ఉండగా, ఆ ముసలి మానిటర్ టప్పుమంది. మిర్చి ఘాటుకి తోడు కాలిన వాసన.

నాకు టెన్షన్ పట్టుకుంది. బాబాయ్ మాత్రం నమ్‌లాక్ మీట నొక్కి చూశాడు. లైటు ఆరింది. మళ్ళీ నొక్కితే వెలిగింది.

"బొమ్మే పోయిందబ్బాయ్, పెట్టె బతికే ఉంది" అని, చీకటి తెర ముందు కూర్చుని అలవాటైన వేళ్ళతో మీటలు కొట్టుకుంటూ పోయాడు. చీటీ వచ్చింది. కాటా బరువు చూపించే ఇండికేటర్ మీది ఎర్రంకెలతో సరిచూస్తే బరువులో కిలో తేడా లేదు.

నమ్‌లాక్ లైటును కీబోర్డు తనంతట తాను వెలిగించుకోదు. మీట నొక్కిన కబురు కంప్యూటర్‌కి చేరి, బయోస్ (బోర్డు మీది చిప్పులో ఉండే మూల ప్రోగ్రామ్) దాన్ని అందుకుని "వెలిగించు" అని తిరిగి చెబితేనే వెలుగుతుంది. లైటు మారుతోందంటే లోపల ప్రాసెసర్ పనిలో ఉన్నట్టే. ఈ సంగతి బాబాయ్‌కి ఎవరూ చెప్పలేదు.

ఇక తెర లేకుండా ప్రోగ్రామ్ ఎలా నడిచింది? డాస్‌లో తెర అంటే నిజానికి వీడియో కార్డు మీదున్న కాస్త మెమరీ. హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, బీ8000 అనే చిరునామా దగ్గర మొదలవుతుంది. 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు, మొత్తం 2000 గళ్ళు. ఒక్కో గడికి రెండు బైట్లు: ఒకటి అక్షరానికి, ఒకటి రంగుకి. రంగు బైటులో (మామూలు పదుల లెక్కలో) 31 పెడితే నీలం మీద తెలుపు, అంటే బాబాయ్ ఇరవై ఏళ్ళుగా చూసిన తెర. ప్రోగ్రామ్ ఈ 4000 బైట్లలో రాసి తన దారిన తాను పోతుంది. వాటిని బొమ్మగా మార్చి తీగలోకి పంపడం కార్డు పని. తీగ అవతలి కొసన మానిటర్ వెలుగుతోందా, మాడిపోయిందా అని ప్రోగ్రామ్ అడగదు.

అందుకే మానిటర్ తీసేయడం వేరు, కార్డు తీసేయడం వేరు. ఆ సాయంత్రం నేను తెలివి ఎక్కువై "తెరే లేనప్పుడు కార్డెందుకు" అని పీకేశాను. స్విచ్ వేస్తే ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. వీడియో కార్డు కనబడట్లేదని ఆ బోర్డు మొర అది. కార్డు తిరిగి గుచ్చితే ఒకే ఒక్క పొట్టి కూత వేసి మామూలైంది. (కొన్ని కార్డులు మానిటర్ ఉందో లేదో రంగు తీగల్లోని లోడును బట్టి కనిపెడతాయి. మానిటర్ తీగ గుచ్చే వీజీఏ సాకెట్లో 1వ పిన్నుకి 6, 2కి 7, 3కి 8 కలుపుతూ 75 ఓమ్‌ల రెసిస్టర్లు మూడు పెడితే వాటినీ బుట్టలో వేయొచ్చు.)

గుడ్డిగా కొట్టడం ఒక పూటకి బాగానే ఉంటుంది. ఎక్కడో ఒక అంకె తప్పితే? నా లాప్‌టాప్‌ను సీరియల్ కేబుల్‌తో తగిలించి తెరగా వాడదామనుకున్నా. డాస్‌లో దీనికో ఆదేశం ఉంది, సీటీటీవై. "సీటీటీవై కామ్2" అని కొడితే డాస్ మాటలన్నీ కామ్2 అనే సీరియల్ పోర్టుకి మళ్ళుతాయి. కామ్1ని కాటా ఇండికేటర్ ముందే ఆక్రమించుకుంది కాబట్టి కామ్2. లాప్‌టాప్ మీద సీ ప్రాంప్ట్ చక్కగా వచ్చింది, డిఐఆర్ కొడితే ఫైళ్ళ జాబితా కూడా. కాటా ప్రోగ్రామ్ పిలిచాను. లాప్‌టాప్ ఖాళీ!

లోపం కేబుల్‌లో లేదు. సీటీటీవై మళ్ళించేది డాస్‌ని అడిగి రాసే అక్షరాలనే. ఆ దారి నిదానం. అందుకని అప్పటి ప్రోగ్రామర్లు చాలామంది డాస్‌ని పక్కకి నెట్టి నేరుగా బీ8000లో రాసేవాళ్ళు. మన కాటా ప్రోగ్రామ్ ఆ బాపతే. పైగా సీటీటీవై కొట్టాక డాస్ ప్రాంప్ట్ ఇక్కడి కీబోర్డు మాట వినదు, మళ్ళీ ఇటు తిప్పాలంటే "సీటీటీవై కాన్" అని లాప్‌టాప్ నుంచే కొట్టాలి. అది మర్చిపోయి లారీ డ్రైవర్ల ముందు పది నిమిషాలు చెమటలు కక్కాను.

ప్రోగ్రామ్ నేరుగా మెమరీలో రాస్తుంటే మనమూ నేరుగా మెమరీలోనే చదవాలి. డాస్‌లో ఒక ప్రోగ్రామ్ పని ముగించాక కూడా మెమరీలో కాపురం ఉండిపోగలదు. కంప్యూటర్ గడియారం సెకనుకి సుమారు 18.2 సార్లు టిక్కుమంటుంది. ప్రతి టిక్కుకీ లేచి, 2000 గళ్ళనీ పాత నకలుతో పోల్చి, మారిన వాటినే కామ్2లోకి తోసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాత్రికి రాశాను. 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) వేగంతో, అక్షరానికి పది బిట్ల చొప్పున, సెకనుకి 960 అక్షరాలే పోతాయి. తెర మొత్తం పంపాలంటే రెండు సెకన్ల పైమాటే. కానీ లారీ కాటా ఎక్కాక మారేవి నాలుగైదు అంకెలే కదా, అవి కళ్ళ ముందే గబగబా తిరుగుతాయి.

మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ తెచ్చి బాబాయ్ వైపు తిప్పి పెట్టాను. నీలం తెర, తెల్లక్షరాలు, లారీ ఎక్కుతుంటే పెరిగే బరువు. ఆయన ఒకసారి చూసి "బాగుందిరా" అని, లాప్‌టాప్‌కి చీటీల పుస్తకం ఆనించి, నమ్‌లాక్ నొక్కి లైటు చూసుకుని, తర్వాతి లారీని రమ్మని కేకేశాడు.