సగంలో ఆగితే విషం ముదురుతుంది

రణస్థలం మండలం పైడిభీమవరం చుట్టుపక్కల మందుల పరిశ్రమలు ఎక్కువ. పరిశ్రమలున్న చోట బోరు నీళ్ల రంగు మారితే జనం వెంటనే పట్టేస్తారు. క్లోరిన్ ద్రావకాలు, అంటే జిడ్డులాంటివి కరిగించే క్లోరిన్ ఉన్న ద్రవాలు, కొద్దిపాటిగా కలిస్తే మాత్రం రంగూ మారదు, వాసనా తెలియదు. యంత్రాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఎథిలీన్‌నే తీసుకోండి. తాగునీటిలో అది లీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికాలో నియమం. ఆ లెక్కన ఒక్క లీటరు ద్రావకం సుమారు 29 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తెస్తుంది.

పైగా ఇది నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. కిరసనాయిలులా పైన తేలదు, అడుక్కి దిగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలాచోట్ల మట్టి కింద ఖోండలైటు రాయి ఉంటుంది. లోతు బోర్లకు నీరు దొరికేది ఆ రాతి పగుళ్లలోనే. ద్రావకం అక్కడ ఇరుక్కుందంటే ఏళ్ల తరబడి నీటిలోకి ఊరుతూనే ఉంటుంది. మోటారు పెట్టి ఎంత తోడినా ఒక పట్టాన వదలదు.

దీన్ని ఉన్నచోటే విరగ్గొట్టే సూక్ష్మజీవి డీహలోకోకాయిడ్స్. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని విడిగా పెంచగలిగారు. ఆక్సిజన్ తగిలితే ఇది బతకదు. మన శ్వాసలో ఆక్సిజన్ చేసే పనిని దీనికి క్లోరిన్ ద్రావకం చేస్తుంది. ఒక్కో మెట్టులో ఒక్కో క్లోరిన్ ఊడి, ఆ చోటికి హైడ్రోజన్ వస్తుంది. మూడు క్లోరిన్లు రెండవుతాయి, రెండు ఒకటవుతుంది, చివరికి మామిడిపళ్లను మగ్గబెట్టే ఎథిలీన్ మిగులుతుంది.

ఈ పనికి హైడ్రోజన్ కావాలి. అందుకని మొలాసిస్ గానీ వంటనూనె గానీ బోరు ద్వారా లోపలికి పంపుతారు. వేరే బ్యాక్టీరియాలు దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ అందిస్తాయి. చెరకు పండే మన జిల్లాల్లో మొలాసిస్ ఎరగనివాళ్లు తక్కువ.

ప్రమాదమంతా ఒక్క క్లోరిన్ మిగిలిన మెట్టు దగ్గరే ఉంది. దాని పేరు వినైల్ క్లోరైడ్. క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం, అందుకే దానికి హద్దు ఇంకా తక్కువ, 2 మైక్రోగ్రాములే. మేత చాలకపోయినా, తగిన రకం జీవి అక్కడ లేకపోయినా పని మధ్యలో నిలిచిపోతుంది. ట్రైక్లోరోఎథిలీన్ తగ్గిందని చూపించే కాగితాన్ని నేనైతే నమ్మను. వినైల్ క్లోరైడ్ పోయిందా, ఎథిలీన్ వచ్చిందా అని అడుగుతాను.

ఊళ్లో నీళ్లు పరీక్షించేవారు సాధారణంగా ముంచి చూసే టీడీఎస్ మీటరుకు ఇవేవీ దొరకవు. అది నీటిలో కరిగిన లవణాలనే చూపిస్తుంది. ఈ ద్రావకాలకు గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే ఆవిరయ్యే రసాయనాలను విడదీసి కొలిచే పరికరం, ఉన్న ల్యాబే కావాలి. శాంపిలు సీసాను గాలి బుడగ కూడా లేకుండా నింపి మూత బిగించాలి. ఖాళీ వదిలితే ద్రావకం ఆవిరై అందులోకి చేరుతుంది, నీళ్లలో ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది.