బండిని దించే ముందు: మనుమలకు ఉత్తరం

హనుమకొండ

ప్రియమైన మనుమలకు,

దసరాకు వచ్చినప్పుడు మీరు సెల్లులో ఒక పాత ఎంజీ-బి కారును చూపించి, దాన్ని ఒక అంగుళం కిందికి దించితే మలుపుల్లో గట్టిగా నిలుస్తుందా అని అడిగారు. ఇంటి నిండా చుట్టాలుండడంతో ఆ రోజు జవాబు సగంలోనే ఆగింది.

ఆ కారు 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులో తయారైంది. 1974 చివరలో అమెరికా నిబంధనల కోసం దానికి పెద్ద నల్ల రబ్బరు బంపర్లు బిగించి, బండి ఎత్తును కూడా పెంచారు. మలుపుల్లో అది మునుపటికన్నా ఎక్కువగా ఒరగడం మొదలైంది. అందుచేత ఆ తరువాతి బండిని దించడమంటే సోకు కాదు, పాత ఎత్తుకు తిరిగి తేవడమే. అంతకు ముందరి బండిని దించాలనుకుంటే మాత్రం ఎందుకో చెప్పగలగాలి.

చిన్న లెక్క చేద్దాం. బండి బరువు 1000 కిలోలు, దాని బరువు కేంద్రం నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున, కుడి ఎడమ చక్రాల నడుమ దూరం 125 సెంటీమీటర్లు అనుకోండి. బండి బరువులో సగమంత బలం పక్కకు నెట్టే మలుపులో, లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి 200 కిలోల భారం మారుతుంది. రెండున్నర సెంటీమీటర్లు దించితే అది 190 అవుతుంది. ఇంత శ్రమకు దక్కింది పది కిలోలు! ఒరుగు నిజంగా తగ్గేది గట్టి స్ప్రింగులతోనూ, ముందు చక్రాలు రెంటినీ కలిపే యాంటీ రోల్ బార్‌తోనూ.

పైగా దించిన కొద్దీ స్ప్రింగు నలగడానికి మిగిలే చోటు తగ్గి, గుంతలో పడగానే యాక్సిల్ రబ్బరు స్టాపరుకు కొట్టుకుంటుంది. అందుకే స్ప్రింగు గట్టిపరచాలి. గట్టి స్ప్రింగు మరింత బలంగా తిరిగి లేస్తుంది కనుక దాన్ని పట్టి ఆపే షాకబ్జర్ కూడా తగినది ఉండాలి. ఈ కారులో చిక్కేమిటంటే, ముందరి షాకబ్జర్‌కున్న ఇనుప చేయే చక్రాన్ని పైనుంచి పట్టుకునే చేయి కూడా. ఆ షాకబ్జర్ అరిగితే కుదుపు తగ్గకపోవడం ఒక్కటే కాదు, చక్రం వాలు కూడా మారిపోతుంది. కొత్త స్ప్రింగులు కొనే ముందు షాకబ్జర్ నూనె కారుతోందేమో చూడండి; అన్నిటికన్నా ముందు నేను చెప్పేది అదే.

వెనుక కమాన్ పట్టీల (స్ప్రింగులా పనిచేసే వంపు ఉక్కు పట్టీల) మీద యాక్సిల్ కూర్చుంటుంది; రెంటి నడుమ ఇనుప దిమ్మ పెట్టి, పొడవైన యూ-బోల్టులతో బిగిస్తే బండి దిగుతుంది. ముందు గుండ్ర స్ప్రింగును మాత్రం గ్యాసుతో కాల్చి కుంగదీయకండి. చిన్నతనంలో నేను పని నేర్చుకున్న షెడ్డులో ఆ పనే చేసేవాళ్ళం, చేసి మురిసిపోయేవాళ్ళం. వేడికి ఉక్కు పదును పోయి, కొన్నాళ్ళకు ఒకవైపు స్ప్రింగు ఇంకా కుంగి, బండి ఎడమకు లాగేది. చుట్టు కోయడం వేరు: ఎనిమిది చుట్లలో ఒకటి తీస్తే స్ప్రింగు సుమారు 14 శాతం గట్టిపడుతుంది, కానీ తెగిన కొస కూర్చునే చోట సరిగా అమరాలి.

ఇక మన రోడ్ల సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన వరంగల్ గల్లీల్లో ఎవరి ఇంటి ముందు వారు పోసుకున్నవి అంత నెమ్మదిగా ఎక్కి దిగవు. రామప్పకు తీసుకెళ్ళాలనుకున్నవారు సైలెన్సర్ పైపు నేలకెంత దూరమో ముందే కొలుచుకోవాలి. ఆర్సీలో ఉన్న వివరాలు మారే మార్పు ఏదైనా 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

బిగించేటప్పుడు, కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌ల నట్లను బండి నేల మీద, సొంత బరువుతో నిలిచాకే ఆఖరుగా బిగించాలి. జాకీ మీద బిగిస్తే బుష్ మెలిపడి త్వరగా చీలుతుంది. కొన్నాళ్ళు నడిపాక యూ-బోల్టులు మళ్ళీ చూసి, వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

నాలుగు చక్రాల్లో ఒక్కోదాని నడిబిందువు నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు ఎంతుందో టేపుతో కొలిచి, కాగితం మీద రాసి పంపండి. ఒక పక్క తక్కువగా ఉంటే అంగుళం దించే మాట తరువాత, ముందు ఆ స్ప్రింగు విప్పి చూడాలి.

మీ తాత