బిరుదు వద్దన్న రాజకుమారి

2025 అక్టోబరులో బ్రిటన్ రాజు చార్లెస్ తన తమ్ముడు ఆండ్రూకు ప్రిన్స్ బిరుదు లేకుండా చేశారు. ఆయన కూతుళ్లు బీట్రిస్, యూజినీ మాత్రం ప్రిన్సెస్‌లుగానే ఉన్నారు. తండ్రికి పోయింది కూతుళ్లకెలా మిగిలింది? 1917లో అప్పటి రాజు ఐదో జార్జి గీసిన గీత అది. ఏలినవారి పిల్లలకు, వాళ్ల కొడుకుల పిల్లలకు బిరుదు దక్కుతుంది. వీళ్లు ఎలిజబెత్ రాణికి కొడుకు బిడ్డలు. కూతురు ఆన్ పిల్లలకు ఆ భాగ్యం లేదు.

ఇలా తీసేయడం ఒక సంగతి. ఎవరూ అడక్కుండానే బిరుదు వదిలేసిన ఆడపిల్ల కూడా ఆ ఇంట్లోనే పుట్టింది.

ఆమె పేరు ప్యాట్రీషియా. విక్టోరియా రాణి మూడో కొడుకు ఆర్థర్ కూతురు, ఐదో జార్జికి చిన్నాన్న బిడ్డ. ఆర్థర్ అంటే మనవాళ్లకు గుర్తుకు రాకపోవచ్చు. ఆయన కన్నాట్ డ్యూక్. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌ది ఆయన పేరే. 1921లో మన పాత పార్లమెంటు భవనానికి శంకుస్థాపన చేసిందీ ఆయనే. 1886 మార్చి 17న, సెయింట్ ప్యాట్రిక్ పండుగ నాడు పుట్టింది కాబట్టి కూతురికి ఆ పేరు. తండ్రి బొంబాయి సైన్యాధిపతిగా ఉండటంతో పసితనంలో కొంతకాలం ఇండియాలోనే పెరిగింది.

1911లో ఆర్థర్ గవర్నర్ జనరల్‌గా కెనడా వెళ్లారు. భార్యకు ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో అతిథి మర్యాదల భారం ప్యాట్రీషియా మీద పడింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే కెనడా వ్యాపారి హామిల్టన్ గాల్ట్ లక్ష డాలర్ల సొంత డబ్బిచ్చి లేపిన పటాలానికి ఆమె పేరు పెట్టారు. ఆ పటాలం జెండాను ఆమె స్వయంగా కుట్టింది: ఎర్రటి గుడ్డ, మధ్యలో నీలం వృత్తం, అందులో బంగారు రంగులో ఆమె పేరు పొడి అక్షరాలు. 1915 మే నెలలో బెల్జియంలోని ఫ్రెజెన్‌బర్గ్ పోరు ముగిసేసరికి ఆ జెండా కింద నిలబడగలిగింది నూటయాభై మంది చిల్లర.

ఆమెకు యూరప్ రాజకుటుంబాల్లో ఎవరెవరితోనో పెళ్లి కుదిర్చేస్తూ పత్రికలు ఏళ్లపాటు పుకార్లు రాశాయి. ఆమె మాత్రం తండ్రి దగ్గర ఏడీసీగా, అంటే వెంట ఉండే సైనిక సహాయకుడిగా పనిచేసిన నౌకాదళ అధికారి అలెగ్జాండర్ రామ్సేను ఎంచుకుంది. అతనూ గొప్పింటివాడే, ఎర్ల్ హోదా ఉన్న ప్రభువు కొడుకు. కానీ రాజవంశం కాదు. 1919 ఫిబ్రవరి 27న వెస్ట్‌మినిస్టర్ అబీలో పెళ్లి. దానికి రెండు రోజుల ముందే, రాజు అనుమతితో, ప్రిన్సెస్ కాస్తా లేడీ ప్యాట్రీషియా రామ్సే అయింది. బిరుదు వదులుకోమని చట్టమేమీ అనలేదు. అది పూర్తిగా ఆమె ఇష్టం. దాంతో చుట్టరికమేమీ తెగలేదు. వారసుల వరసలో పేరు అలాగే ఉంది, పట్టాభిషేకాలకు పిలుపులూ వచ్చాయి.

అక్క మార్గరెట్ స్వీడన్ యువరాజును చేసుకుంది. ఆయన రాజు కాకముందే, 1920లో చనిపోయింది. ఇప్పటి స్వీడన్ రాజు కార్ల్ గుస్తాఫ్ ఆమె మనవడు, 2024లో గద్దె దిగిన డెన్మార్క్ రాణి మార్గ్రెథె మనవరాలు. అక్క సంతతి రెండు సింహాసనాలెక్కింది. చెల్లెలు ఇంగ్లండ్‌లో నీటిరంగుల బొమ్మలు వేసుకుంటూ ఉండిపోయింది.

తను వదిలేసిన బిరుదును పటాలం మాత్రం వదల్లేదు. దాని పేరు నేటికీ ప్రిన్సెస్ ప్యాట్రీషియా కెనడియన్ లైట్ ఇన్‌ఫాంట్రీ. 1974లో చనిపోయేదాకా ఆమే దానికి గౌరవ కర్నల్. తర్వాత ఆ స్థానం ఆమెను జ్ఞానతల్లిగా (బాప్తిస్మంలో పెద్దదిక్కుగా నిలిచే ఆవిడగా) పొందిన మరో ప్యాట్రీషియాకు, అంటే మన ఆఖరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ పెద్ద కూతురికి వచ్చింది. తన హోదా పక్కనపెట్టి, పాతావిడ గౌరవార్థం తననూ లేడీ ప్యాట్రీషియా అనే పిలవమని ఆవిడ సైనికులకు చెప్పింది.